మెడ దగ్గర ఆగిన వరస

నవంబర్ 12, బుధవారం

ఇరవై ఎనిమిదో తేదీన విచారణ కమిటీ ముందు కూర్చుని నా వాంగ్మూలం మీద నేను సంతకం పెట్టాలి. అప్పటికి వాళ్ళు అడిగిన మాటలూ నేను చెప్పిన మాటలూ కలిసిపోయి, అసలు జరిగిందేమిటో నాకే గుర్తుండదేమోనని భయంగా ఉంది. అందుకే ఇప్పుడే రాయాలి. ఇది ఎవరికీ చూపించడానికి కాదు. అయినా ఫ్యాక్టరీ రికార్డులాగే, ఏమీ తెలియనివాళ్ళకు కూడా అర్థమయ్యేలా వరసగా రాస్తాను. నాకు వచ్చిన రాత అదొక్కటే.

ఆరో తేదీ, గురువారం. మధ్యాహ్నం ఒంటి గంట యాభై ఐదుకు మా మందుల ఫ్యాక్టరీ మూడో బ్లాకులో, తడి పొడిని గిర్రున తిప్పి ఆరబెట్టే సెంట్రిఫ్యూజ్ దగ్గర మంట లేచింది. నర్సన్న చిన్నాయన రెండు చేతులూ కాలాయి. అద్దాలు పెట్టుకున్నాడు కాబట్టి కళ్ళకు ఏమీ కాలేదు.

సాల్వెంట్‌తో, అంటే ఇట్టే అంటుకునే ద్రవంతో, తడిసిన పొడిని ఆ యంత్రంలో వేసే ముందు దానికి ఎర్త్ క్లిప్పు తగిలించాలి. లేకపోతే నిప్పురవ్వ పుడుతుంది. తగిలించిన ఆపరేటర్ కాగితం మీద ఒక గడిలో సంతకం పెడతాడు. క్వాలిటీ వాళ్ళు వెళ్ళి కళ్ళారా చూసి పక్క గడిలో సంతకం పెట్టాలి. ఆ రోజు ఆపరేటర్ నర్సన్న చిన్నాయన. క్వాలిటీ నేను.

ఒంటి గంట నలభైకి నేను వెళ్ళి చూశాను. క్లిప్పు ఉంది. సంతకం పెట్టాను.


నవంబర్ 13

విచారణ అయ్యేదాకా రావద్దన్నారు. పొద్దున కంపెనీ బస్సు పటేల్‌గూడ మలుపులో ఆగి, రెండుసార్లు హారన్ కొట్టి వెళ్ళిపోయింది. డ్రైవర్‌కు ఇంకా ఎవరూ చెప్పినట్టు లేదు.

స్వెట్టర్ ఆరు వరసలు అల్లాను.


నవంబర్ 14

మొన్న రాసినదాంట్లో ‘వెళ్ళి చూశాను’ అన్న మాటను కొట్టేశాను. తలుపు దగ్గర నుంచి చూశాను. సు. 14/11.

మా రికార్డుల్లో తప్పు రాస్తే చెరపకూడదు, దిద్దకూడదు. కింద ఉన్న మాట కనబడేలా ఒక్క గీత గీసి, సరైన మాట రాసి, పక్కన పొడి అక్షరాలు, తేదీ వేయాలి. చేరిన మొదటి వారంలోనే నేర్పారు. నాకు ఆ పద్ధతి చాలా నచ్చింది. తప్పు చేసినవాళ్ళు కూడా తలెత్తుకుని సంతకం పెట్టొచ్చు కదా అనిపించింది అప్పుడు.


నవంబర్ 15, శనివారం

ఇవాళ కాస్త ఎక్కువే రాస్తాను. అల్లిక గురించి రాయకుండా ఆరో తేదీ గురించి రాయలేను.

నిరుడు డిసెంబర్‌లో నాకు జ్వరం వచ్చి తొమ్మిది రోజులు గదిలోనే పడి ఉన్నాను. కింద వాటాలో ఉండే ఇంటావిడ బుల్లెమ్మగారు రెండుపూటలా గంజి పట్టుకొచ్చేవారు. వాళ్ళాయన కామేశ్వరరావుగారు కరెంటు యంత్రాలు తయారుచేసే ఇక్కడి పెద్ద ఫ్యాక్టరీలోనే పనిచేశారట. చలి దేశాల్లో పవర్ ప్లాంట్లు కట్టేటప్పుడు ఆయన్ని అక్కడికి పంపేవాళ్ళట. ఆవిడకేమో గోదావరి పక్క ఊరు, స్వెట్టర్ అంటేనే తెలియదు. పంజాబీ పక్కింటావిడ దగ్గర నేర్చుకున్నారట. అందుకే ఇప్పటికీ కుట్లను సీధా, ఉల్టా అనే అంటారు. ఆయన పోయి నాలుగేళ్ళయినా సూదులు మాత్రం డబ్బా నిండా ఉన్నాయి.

జ్వరం తగ్గే రోజుల్లో నేను ఊరికే లేచి తిరుగుతున్నానని నా చేతికి రెండు సూదులిచ్చి కూర్చోబెట్టారు. మొదటి రోజు ఇరవై కుట్లు ఎక్కించాను. సాయంత్రానికి అవి ముప్పై ఒకటి అయ్యాయి. ఎక్కడ పెరిగాయో తెలియలేదు. ఏడుపొచ్చింది. ఆవిడ సూది లాగేసి మొత్తం ఊడదీశారు. “ఏడవకే పిల్లా. ఊలు ఎక్కడికీ పోదు. మళ్ళీ ఎక్కించు,” అన్నారు.

ఆ మాట నేను ఎప్పుడూ ఎవరి నోటా వినలేదు. మా ఇంట్లో చదువుకున్న మొదటి మనిషిని నేను. మా నాయన పెద్దరాములు, మా అమ్మ సంగమ్మ కూలికి వెళ్ళి చదివించారు. నేను నేర్చుకున్న ప్రతిదానికీ వెనక ఒక పరీక్ష ఉంది. ఒక్క మార్కు పోతే బస్సు పాసు దగ్గర నుంచి మా అమ్మ కాలి చెప్పుల దాకా అన్నీ గుర్తొచ్చేవి. అల్లికకు పరీక్ష లేదు. తప్పితే ఊడదీయొచ్చు, ఊడదీస్తే ఏమీ మిగలదు, మచ్చ కూడా ఉండదు.

మఫ్లర్ అయ్యింది. టోపీ అయ్యింది. ఎండాకాలంలో కూడా మానలేదు. చెమటకు ఊలు వేళ్ళకు అంటుకుంటే చేతులకు పౌడర్ రాసుకుని అల్లాను. మా అమ్మ చూసి, “స్వెట్టర్లు దుకాన్ల దొరుకుతలేవా? గంత సదివి సూదులు వట్టినవ్,” అంది. కళ్ళు మూసుకున్నా చేతుల్లో కుట్లు కదిలేవి. లెక్క తప్పకుండా నడుస్తుంటే లోపల ఎంత నిశ్శబ్దంగా ఉండేదో ఆమెకు ఎలా చెప్పను?

ఫ్యాక్టరీ లోపలికి ఊలు తేకూడదు. పోగులు మందులో పడతాయి. అయినా ఆగస్టు నుంచి నేను తెస్తూ వచ్చాను. టిఫిన్ క్యారియర్ కింది గిన్నెలో అన్నం, పై గిన్నెలో ఊలుండ, పొట్టి సూదులు. గేటు దగ్గర సంచి చూస్తారు గానీ గిన్నెలు విప్పరు.

ఆ సంగతి కమిటీకి తెలియదు. తెలియాల్సిన అవసరం కూడా లేదనుకుంటాను. భోజనాల టైములోనే అల్లుకున్నాను.


నవంబర్ 16, ఆదివారం

పటాన్‌చెరు ఆసుపత్రికి వెళ్ళాను.

నర్సన్న మా నాయనకు తమ్ముడి వరస. భానూర్‌లో మాకు రెండిళ్ళ అవతల ఉంటాడు. నా పదో తరగతి పరీక్షలకు రోజూ సైకిల్ మీద పటాన్‌చెరు తీసుకొచ్చి, నేను రాసేంతసేపూ గేటు బయట కూర్చునేవాడు. అతనికి చదువు రాదు. ఫ్యాక్టరీలో ఆపరేటర్‌గా పెట్టుకోవాలంటే సంతకం రావాలన్నారు. నేనే నేర్పాను. మా అరుగు మీద, నా పాత నోటుబుక్కులో, పదిహేను రోజులు. ‘ర్స’ దగ్గర చేయి తిరిగేది కాదు. తిరిగిన రోజు ఊరంతా చెప్పుకున్నాడు. లోపల నన్ను మేడం అనేవాడు. గేటు దాటగానే బిడ్డా అనేవాడు.

ఆరో తేదీ కాగితం మీద పక్కపక్క గడుల్లో అతని సంతకం, నా సంతకం ఉన్నాయి. ఆ రెండూ నా చేతి రాతే అన్నట్టుంటాయి.

రెండు చేతులకూ మోచేతుల దాకా కట్లు. చిన్నమ్మ ఎంకమ్మ పెరుగన్నం కలిపి నోట్లో పెడుతోంది. నన్ను చూడగానే అతను నవ్వాడు.

“సూడు, పెండ్లినాడు గూడ గిట్ల తినవెట్టలే మీ చిన్నమ్మ. ఇప్పుడు నసీబ్ తిరిగింది.”

“నోరు మూసుకొని తిను,” అంది ఎంకమ్మ. ఆమె నవ్వలేదు. నా వైపు చూడలేదు కూడా.

కమిటీ వాళ్ళు పధ్నాలుగున వచ్చి అతని మాటలు రాసుకున్నారట. ఏం చెప్పావని అడిగాను. అతను కిటికీ వైపు చూస్తూ చెప్పాడు. “ఉన్నదే చెప్పిన. మేడం వచ్చి సూసింది, క్లిప్పు మంచిగనే ఉండె అన్న. ఆమె పోయినంక నేనే ఒకపారి తీసి మల్ల వెట్టిన, సక్కగ వెట్టకపోయి ఉంటన్న.”



ఎంకమ్మ గిన్నె కడగడానికి బయటికి వచ్చినప్పుడు నేనూ వెనకే వచ్చాను. తప్పు అతనిదేనని తేలితే పని పోతుందట. క్యాంటీన్‌లో ఆమెకు ఇస్తామన్న పనీ ఉండదట. కుడిచేతి వేళ్ళు మళ్ళీ వంగుతాయో లేదో డాక్టరు చెప్పడం లేదట. ఇంకో సంగతి కూడా చెప్పింది. వాంగ్మూలం కింద సంతకం పెట్టడానికి చేతులు లేవు కదా. ఎడమ బొటనవేలు ఒక్కటే కట్టు బయట ఉంది. దానికే సిరా పూసి కాగితానికి ఒత్తారట.

వేలిముద్ర.


నవంబర్ 17

స్వెట్టర్ మొత్తం ఊడదీశాను. ముందు భాగం, వెనక భాగం, అన్నీ.


నవంబర్ 18

హరినాథ్ సార్ ఫోన్ చేశారు. క్వాలిటీలో ఆయనే మాకు పెద్ద. మంచి మనిషి. నన్ను ఇంటర్వ్యూలో ఎంచుకున్నది ఆయనే. “చూడండి సునందా, మీ సంతకం ఉంది, ఆయన మాటా దానికి సరిపోయింది. రికార్డులో ఉన్నదానికి మీరు కొత్తగా ఏమీ కలపనక్కర్లేదు. ఇరవై ఎనిమిదిన సంతకం పెట్టేస్తే సోమవారం నుంచి డ్యూటీకి రావచ్చు,” అన్నారు.

సరే సార్ అన్నాను.

నేను కలిపేది ఏముంది? అతనే చెప్పాడు కదా, తీసి మళ్ళీ పెట్టానని. నేను పక్కన లేను, నిజంగానే తీసి పెట్టాడేమో.


నవంబర్ 20

అదే ఊలుతో మళ్ళీ మొదలుపెట్టాను. పొద్దున లేవగానే కూర్చుంటే సాయంత్రం బుల్లెమ్మగారు లైటు వేసేదాకా తెలియడం లేదు. మూడు రోజుల్లో వెనక భాగం అయిపోయింది. ఇంత వేగంగా ఎప్పుడూ అల్లలేదు.

ఆవిడ చేతిలోకి తీసుకుని, వేలితో నిమిరి, “ఇది ఒకసారి అల్లిన ఊలే కదూ,” అన్నారు. ఎలా తెలిసిందని అడిగాను. ఊడదీసిన ఊలు మెలికలు తిరిగి ఉంటుందట. వేడి నీళ్ళలో వేసి, తడి ఊలు చుట్టకు బరువు కట్టి ఆరబెడితే గానీ సాపు కాదట. అలాగే అల్లితే గుడ్డంతా ఎగుడుదిగుడుగా వస్తుందట.

“మరి అప్పుడు ఊడదీస్తే ఏమీ పోదన్నారు కదా,” అన్నాను.

“ఊలు పోదన్నానే తల్లీ. తెలియదనలేదు.”

లోపలికి వెళుతూ, ఎవరికి అల్లుతున్నావని అడిగారు. నర్సన్న చిన్నాయనకి అన్నాను. జులైలో బస్సులో అడిగాడు, “పొద్దుగాల బస్సుల సలి సంపుతది బిడ్డా, నాకొకటి అల్లరాదు?” అని. ముదురు నీలం కావాలన్నాడు, మరక కనబడదని.


నవంబర్ 21

ముందు భాగం మెడ దగ్గరికి వచ్చింది. ఇక్కడ రెండేసి కుట్లు కలిపి తగ్గించాలి. చేయి ఆగిపోయింది.


నవంబర్ 22, శనివారం

పన్నెండో తేదీ చివర రాసినదీ, పధ్నాలుగున దిద్దినదీ, పదిహేనున ‘భోజనాల టైములోనే’ అన్నదీ, పద్దెనిమిదిన చివర రాసినదీ, అన్నీ కొట్టేస్తున్నాను. సు. 22/11.

జరిగింది ఇది.

భోజనాల టైము ఒకటిన్నరకు అయిపోయింది. నేను బ్లాకు పక్కన ఉండే కాగితాల గదిలో ఉన్నాను. బల్ల కింద ఒళ్ళో స్వెట్టర్ ఉంది. మెడ తగ్గించే వరస. మధ్యలో వదిలితే లెక్క పోతుంది. వరసలో ఇంకా ఇరవై రెండు కుట్లున్నాయి.

నర్సన్న చిన్నాయన కిటికీ దగ్గరికి వచ్చాడు. సంతకాల కాగితాన్ని అట్టతో సహా కిటికీలోంచి లోపలికి పెట్టాడు. “క్లిప్పు స్ప్రింగు లూజైంది మేడం. వట్టుకుంటలేదు. జెర వచ్చి సూడు,” అన్నాడు.

నేను తలెత్తలేదు. “నువ్వు పెట్టెయ్ చిన్నాయనా, రెండు నిమిషాల్ల వస్త,” అన్నాను. లోపల అతన్ని చిన్నాయనా అని ఎప్పుడూ పిలవను. ఆ రోజు పిలిచాను, మళ్ళీ అడగకుండా ఉంటాడని. సంతకం పెట్టి, ఒంటి గంట నలభై అని వేసి, కాగితం ఇచ్చేశాను.

ఇరవై రెండు కుట్లు అల్లడానికి నాకు ఒక నిమిషం చాలు. అల్లాను. తర్వాత వరస ఉల్టా. అది తేలిక, తగ్గించేది ఉండదు, అందుకని అదీ అల్లాను. దాని తర్వాతి వరస సగంలో ఉండగా సైరన్ మోగింది.

ముందు నేను ఊలును టిఫిన్ గిన్నెలో పెట్టి మూత పెట్టాను. తర్వాతే పరుగెత్తాను.

ఇది ఎవరికీ తెలియదు. అతనికి కూడా తెలియదు. నేను ఏదో కాగితం పనిలో ఉన్నాననుకున్నాడు. అందుకే నిలబడకుండా వెళ్ళాడు. చదువుకున్న మనిషి తల వంచుకుని పని చేస్తుంటే మా ఊళ్ళో ఎవరూ రెండోసారి పిలవరు.


నవంబర్ 23, ఆదివారం

ఆసుపత్రిలో, ఎంకమ్మ మందులకు వెళ్ళినప్పుడు, నర్సన్న చిన్నాయనకు చెప్పేశాను. స్వెట్టర్ సంగతితో సహా.

కట్ల వైపు చూసుకున్నాడు. తర్వాత, “నాకేనా అల్లుతున్నది?” అన్నాడు.

అవునన్నాను.

“అయితే ఇగ ఏం జేస్తవ్ బిడ్డా. చెప్పకు ఎవరికి గూడ.”

నేను తప్పు ఒప్పుకుంటానన్నాను. అతనికి కోపం వచ్చింది. అతనికి నా మీద కోపం రావడం నేను చూడటం ఇదే మొదటిసారి. “నీ ఎనుక మన ఊర్ల ఇప్పుడు పదకొండు మంది ఆడివిల్లలు బస్సెక్కి కాలేజికి పోతున్నరు. పనికి పోయేటప్పుడు పొద్దుగాల లెక్కవెట్టిన నేను. నీ పేరు కరాబైతే ఆళ్ళ అయ్యలు ఏమంటరో ఎర్కనా? నా చేతులు ఎట్లనో పోయినయ్. నువ్వు గూడ పోతే ఏమొస్తది?”

“నీ మీద పెట్టుకున్నవ్ కద చిన్నాయనా, నీ పని పోతది.”

“నేను సదువుకున్నోణ్ణా? మాలాంటోళ్ళకు మర్చిపోవుడు మామూలే అనుకుంటరు. నిన్ను అట్ల అనుకోరు.”

ఎంకమ్మ వచ్చి గుమ్మంలో నిలబడింది. ఎంతసేపటి నుంచి వింటోందో తెలియదు. మందుల సంచి మంచం మీద పెట్టి, “ఆయనకు సల్లగ ఉంటది ఈడ, ఏసీ. జల్దీ అల్లియ్యి,” అంది. అంతే అంది. తిట్టి ఉంటే బాగుండేది.


నవంబర్ 24

భానూర్ వెళ్ళి మా నాయనకు చెప్పాను. విన్నాడు. “అన్నం తిన్నవా?” అని అడిగాడు. సాయంత్రం నన్ను బస్సెక్కించేటప్పుడు, “వాడు నిన్ను సైకిల్ మీద కూసవెట్టుకొని పోతుంటే నేను ఒక్కపారి గూడ ఎనుక రాలే. వాడున్నడని,” అన్నాడు.


నవంబర్ 26

బుల్లెమ్మగారికి కూడా చెప్పాను. ఆవిడ నా చేతిలోంచి సూదులు లాక్కుంటారనుకున్నాను. లాక్కోలేదు. కట్లున్న చేతులు పైకెత్తలేడు కాబట్టి భుజాలు రెండూ కుట్టకుండా వదిలి గుండీలు పెట్టమన్నారు. పెద్ద గుండీలు ఆరు డబ్బాలోంచి వెతికి ఇచ్చారు.

ఆగిన వరస అల్లాను. ఇరవై రెండు కుట్లు. గడియారం పక్కన పెట్టుకుని చూశాను. యాభై సెకన్లు.

ఎగుడుదిగుడుగానే ఉంది స్వెట్టర్. ఊలు ఉడకబెట్టలేదు. మళ్ళీ ఊడదీయను.


నవంబర్ 27, గురువారం

రేపు కమిటీకి ఇవ్వాల్సిన ఉత్తరం. ముందు ఇక్కడ రాసుకుంటున్నాను. ఇచ్చేదాంట్లో ఒక్క మాట కూడా మార్చను.

*విచారణ కమిటీ వారికి,*

*నవంబర్ ఆరో తేదీన మూడో బ్లాకు కాగితంలో ‘చూసినవారు’ అన్న గడిలో ఉన్న సంతకం నాది. నేను చూడలేదు. యంత్రం దగ్గరికి వెళ్ళలేదు. క్లిప్పు స్ప్రింగు వదులైందని, వచ్చి చూడమని ఆపరేటర్ నర్సన్న నన్ను అడిగారు. వస్తానని చెప్పి వెళ్ళలేదు. ఆ సమయంలో నేను లోపలికి తేకూడని ఊలు తెచ్చి స్వెట్టర్ అల్లుతున్నాను. దీనికి ఆధారం నా దగ్గర లేదు, నేనే ఊడదీశాను. నా మాట ఒక్కటే ఉంది.*

*నర్సన్న మీకు చెప్పింది నన్ను కాపాడటానికి చెప్పింది. అది నిజం కాదు. ఆయన తన పని ఆపి, తప్పు ఉందని వచ్చి చెప్పిన మనిషి.*

*నా ఉద్యోగం విషయంలో మీరు తీసుకునే నిర్ణయానికి నేను ఎదురు చెప్పను. నేను అడిగేది ఒక్కటే. మీ నివేదికలో నర్సన్న పేరు పక్కన ఉన్న తప్పును కొట్టేయండి. చెరపవద్దు. కింద మాట కనబడేలా ఒక్క గీతతో కొట్టి, పక్కన నా పేరు రాసి, సంతకం, తేదీ వేయండి.*

*ఆ కాగితం నకలు డిసెంబర్ ఐదో తేదీ, శుక్రవారం లోపల ఆయనకు చేరాలి. నాకు జవాబు ఇవ్వకపోయినా ఫరవాలేదు. ఆయనకు ఇవ్వండి. ఆయనకు చదవడం రాదు, నేను సంతకం ఒక్కటే నేర్పాను. ఇచ్చేవాళ్ళు పక్కన కూర్చుని చదివి వినిపించండి. మొదటిసారి వినగానే ఆయన కాదంటారు. దయచేసి రెండోసారి కూడా చదవండి.*

*సునంద*